గోడ అవతలి వాయవ్యం

చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడందే డబ్బులివ్వకూడదని నాకు నేర్పింది రత్తమ్మ. పాతికేళ్ళుగా వారానికి మూడు రోజులు నరసాపురం నుంచి వచ్చి మా పాలకొల్లు వీధుల్లో చేపలమ్ముతుంది. తట్ట దించగానే తనే మొప్ప ఎత్తి ఎరుపు చూపించి, ఆ తర్వాతే ధర చెబుతుంది. అలాంటి మనిషి ఇల్లు కొనడానికి బయల్దేరి ఏం చూసిందయ్యా అంటే, సింహద్వారానికి చెక్కిన లతలు చూసింది, వంటగది టైల్స్ మీద ద్రాక్షగుత్తుల బొమ్మ చూసింది, సిద్ధాంతిగారు వాస్తుకి నూటికి నూరు మార్కులు వేశారన్న మాట విన్నది. రేపు పదింటికి బయానా ఇవ్వడానికి ముహూర్తం కూడా పెట్టించుకుని, మీరూ ఓసారి చూసి సరేననండి అంటూ పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. రేపు బయానా పెట్టుకుని ఇవాళా నన్ను పిలిచేది అని అక్కడే నాలుగు దులిపాను.

"తిడతారనేనండి ఇన్నాళ్ళూ చెప్పలేదు" అంది నవ్వుతూ.

నా పేరు సంపూర్ణమ్మ. ఇళ్ళ కట్టుబడి పనులు తనిఖీ చేసే ఉద్యోగంలో ముప్పై ఒక్కేళ్ళు చేసి రిటైరయ్యాను. మేస్త్రీలు నన్ను చూస్తే సిమెంటు పాళ్ళు సరిచేసుకునేవాళ్ళు, ఇది నేను కోస్తున్న కోత కాదు, వాళ్ళే చెబుతారు. రిటైరయ్యాక కూడా ఊళ్ళో ఎవరు ఇల్లు కొన్నా ముందు నన్ను తీసుకెళ్ళి చూపిస్తారు. మా చర్చిలో పాస్టరుగారి కంటే నన్నే ఎక్కువ ఇళ్ళకి పిలుస్తారని మా ఆయన జ్ఞానప్రకాశం మాస్టారు ఎద్దేవా చేస్తుంటారు. నాకో సంచీ ఉంది. అందులో టేపు, టెస్టరు, రెండు వైర్లు కట్టిన బల్బు, టార్చి, రూపాయి బిళ్ళ, గాజు గోళీ, నీళ్ళ పరీక్ష సీసాలు ఉంటాయి. గోళీని గచ్చు మీద పెడితే ఇల్లు ఎటు కుంగిందో అదే దొర్లి చెబుతుంది. రూపాయితో టైలు మీద కొడితే కింద బోలుగా ఉందో లేదో తెలుస్తుంది. ఇన్ని చూశాక నేను సరే అన్న ఇంటికి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు.

రత్తమ్మ తొందరకి కారణం ఉంది. ఆవిడ ఇల్లు ఏటిగట్టుకి లోపల, గోదావరి వైపు. శ్రావణంలో వరద వస్తే నీళ్ళు ముందు ఆవిడ పొయ్యిలోకే వస్తాయి. కొడుకు ఉదయ్‌కుమార్ మూడు నెలల పిల్లాడుగా ఉన్నప్పుడు వాణ్ణి చేపల తట్టలో పడుకోబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని, నడుం లోతు నీళ్ళలో గట్టెక్కింది. స్కూలు బిల్డింగులో పదకొండు రోజులు ఉన్నారు. ఇప్పుడు కోడలు బేబీకి ఏడో నెల. పురుడూ శ్రావణంలోనే, వరదా శ్రావణంలోనే. మనవణ్ణయినా మనవరాలినైనా నీళ్ళు రాని ఇంట్లో పడుకోబెట్టాలి, ఆవిడకి ఇంక వేరే కోరిక లేదు. ఈ సంగతి తెలిసి కూడా తిట్టానే అని నాకే కొంచెం బాధనిపించింది. సంచీ తీసుకుని చెప్పులేసుకున్నాను.

ఉదయ్ ట్రాలీ ఆటో నడుపుతాడు. ముందు సీట్లో వాడి పక్కన నేనూ బేబీ ఇరుక్కున్నాం, రత్తమ్మ వెనకాల తట్టతో పాటు కూర్చుంది. ఊరికి రెండు కిలోమీటర్లలో పాత చేపల చెరువు పూడ్చి వేసిన లేఅవుట్ అది. రోడ్డు పొడుగునా ఒకే వరసలో ఆరిళ్ళు. మూడిళ్ళలో జనం చేరిపోయారు, మూడు అమ్మకానికి ఉన్నాయి. రత్తమ్మకి నచ్చింది వరసలో మూడోది. కట్టించినాయన గంగరాజు గేటు దగ్గరే కూల్‌డ్రింకులతో ఎదురొచ్చాడు. పని అయ్యేదాకా నేనేమీ పుచ్చుకోనని చెప్పి లోపలికి నడిచాను.

మొదట గోళీ పెట్టాను. కదల్లేదు. చెరువు పూడ్చిన చోట ఇది చిన్న విషయం కాదు, గంగరాజు పునాది మీద డబ్బు దాచుకోలేదన్నమాట. మనసులో ఓ మార్కు వేశాను. తర్వాత హాల్లో ప్లగ్గు దగ్గర కూర్చుని, బల్బు వైరు ఒకటి కరెంటు ఉన్న కన్నంలో, ఇంకోటి ఎర్తు కన్నంలో పెట్టాను. ఎర్తు సరిగా ఉంటే బల్బు వెలగాలి. వెలగలేదు. ఉదయ్‌ని పిలిచి చూపించాను, ఈ మూడో కన్నం అలంకారానికి పెట్టారు నాయనా, రేపు వాషింగ్ మెషీన్ ముట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది దీని సంగతి అని. గంగరాజు ఎలక్ట్రీషియన్ని తిట్టుకుంటూ, ఉప్పూ బొగ్గూ వేసి కొత్త ఎర్తు గొయ్యి తీయిస్తానన్నాడు. వంటగదిలో సిలిండర్ని గట్టు కింద తలుపులు బిగించి దాచారు. గ్యాసు బరువైంది, లీకైతే కిందికే దిగి అక్కడే నిలబడుతుంది, తలుపు అడుగున కన్నాలు పెట్టించాలన్నాను. సరేనన్నాడు. మేడమెట్ల రెయిలింగు సందులో నా సంచీ దూర్చాను. సంచీ దూరిందంటే పాకే పిల్ల తల దూరుతుంది, మధ్యలో ఇంకో కమ్మీ వేయించమన్నాను. దానికీ సరేనన్నాడు. పడకగదిలో గోడకి మోకాలెత్తు వరకే కొత్త రంగు ఉంది. గోకితే ఉప్పు రాలింది. చెమ్మ, అది మన డెల్టాలో ఏ గోడకి లేదు గనక, ప్లాస్టరింగు మార్పించమని చెప్పి ఊరుకున్నాను.

రత్తమ్మ మొహం చిన్నబోతోంది. ఇవన్నీ జలుబులే రత్తమ్మా, జబ్బులు కావు, వారంలో సర్దుకుంటాయి అని వీపు తట్టాను. ఇల్లు నాకూ నచ్చింది, అబద్ధమెందుకు.

ఆఖరికి దొడ్లోకి వెళ్ళాం. బోరు ఈశాన్యం మూల, సెప్టిక్ ట్యాంకు వాయవ్యం మూల, సిద్ధాంతిగారు చెప్పినట్టే ఉన్నాయి. రెండింటి మధ్య దూరం టేపుతో కొలిచాను. ముప్పై ఆరడుగులు వచ్చింది. ముప్పై దాటితే చాలని నా లెక్క. పుస్తకంలో టిక్కు పెట్టాను. ఇల్లు సరేనని చెప్పడానికి నోరు కూడా తెరిచాను.

అప్పుడు బేబీ దాహమేస్తోందండి అంది. గంగరాజు మోటారు వేసి, బోరు దగ్గర పంపు కింద గ్లాసు కడిగి నింపి, కొబ్బరినీళ్ళలా ఉంటాయమ్మా తాగి చూడు అంటూ ఇచ్చాడు. ఆ గ్లాసు వెంట నా చూపు వెళ్ళింది. బేబీ తల వెనకాల కాంపౌండు గోడ. గోడ మీదుగా అవతలి ఇంటి గొట్టం ఒకటి పైకి లేచి ఉంది, నెత్తిన దోమతెర గుడ్డ కట్టి ఉంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టాలకే అలా కడతారు.

బేబీ పెదాల దాకా వెళ్ళిన గ్లాసుని లాక్కున్నాను. నీళ్ళు ఆ పిల్ల చీర మీద చిందాయి. అందరూ నన్ను వింతగా చూశారు.

టేపు తీసి బోరు నుంచి గోడ దాకా పెట్టాను. నాలుగడుగులు. గోడ అవతల రెండడుగుల్లో, జనం కాపురముంటున్న తూర్పింటి ట్యాంకు. అంతా వాస్తు ప్రకారమే ఉంది, ఒక్క తప్పు లేదు. మన ఇంటి ఈశాన్యం మూల ఎక్కడ ముగుస్తుందో అక్కడే తూర్పింటి వాయవ్యం మూల మొదలవుతుంది. వరసలో ఆరిళ్ళూ బోరు ఈశాన్యంలో దించి, ట్యాంకు వాయవ్యంలో తవ్వితే, తూర్పు కొసది తప్ప ప్రతి ఇంటి బోరూ తూర్పింటి ట్యాంకు పక్కనే పడుతుంది. ఇక్కడ ఆరడుగులు తవ్వితే నీళ్ళు. లోతుకి పోతే ఉప్పు తగులుతుంది గనక బోర్లన్నీ పైనీళ్ళకే దించుతారు. ఎవరి ఇంట్లో వాళ్ళు దూరం కొలుచుకుని, పక్కింటి దొడ్డి తాగుతున్నారన్నమాట.

గంగరాజుకి కోపం వచ్చింది. మా ఆవరణలో ముప్పై ఆరడుగులున్నాయని మీరే కొలిచారు కదండీ, గోడ అవతలిదానికి నన్నేం చేయమంటారు అన్నాడు. నీళ్ళకి వాసన లేదు, రంగు లేదు, మూడిళ్ళవాళ్ళు ఆర్నెల్లుగా తాగుతున్నారన్నాడు. పైగా భీమవరం వాళ్ళెవరో రేపు సాయంత్రం వస్తామన్నారట. రత్తమ్మ నా వంకా ఇంటి వంకా చూస్తూ ఉండిపోయింది.

వాదించడం దండగ. సంచీలోంచి రెండు చిన్న సీసాలు తీశాను. నీళ్ళ పరీక్ష కోసం మందు పూసిన కాగితం వేసి ఉంటుంది వాటిలో. నీళ్ళు పోసి ఒక రోజు వెచ్చగా ఉంచితే చాలు. మంచినీళ్ళయితే రంగు మారదు, దొడ్డి కలిస్తే నల్లబడుతుంది. ఒక సీసాలో బోరు నీళ్ళు పట్టి, మూత బిగించి, రత్తమ్మ చేతిలో పెట్టాను. నా దగ్గరుంచుకుంటే రేపు గంగరాజుగారు నా మీద నింద వేస్తారు, నువ్వే దాచుకో, నువ్వే చూసుకో అన్నాను. ఆవిడ దాన్ని కొంగులో మూటకట్టి బొడ్లో దోపుకుంది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళాను. ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. దండెం ఒక కొస జామచెట్టుకి, ఇంకో కొస గోడ అవతల తూర్పింటివాళ్ళ గొట్టానికి. దానికి నెత్తిన దోమతెర గుడ్డ. పద్దెనిమిదేళ్ళుగా ఆ గొట్టానికి దండెం కట్టి బట్టలారేస్తున్నాను. దాని కిందే, గోడకి ఇవతల, మా బోరు.

మాకు వాస్తు పట్టింపు లేదు. ప్రార్థన చేయించి శంకుస్థాపన చేసుకున్నాం. కానీ బోరు ఎక్కడ వేయాలని మేస్త్రీ అడిగితే ఎక్కడేస్తారు, ఈశాన్యంలోనేగా అన్నది నేనే. మా ఆయనకి రెండేళ్ళ కిందట పచ్చకామెర్లు, అంతకుముందు టైఫాయిడ్. రెండుసార్లూ బస్టాండు దగ్గర బజ్జీల బండివాడిని తిట్టిపోశాను, వాడి బండి వైపు వెళ్ళొద్దని ఈయన దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాను. రెండో సీసాలో మా బోరు నీళ్ళు పట్టి, అలమరలో పప్పు డబ్బాల వెనకాల పెట్టాను. ఎందుకు దాచానంటే సిగ్గుతో దాచాను.

పొద్దున్న లేచి చూస్తే సీసా తారులా నల్లగా ఉంది. అంత నలుపు ఉద్యోగంలో కూడా చూడలేదు. ముప్పై ఒక్కేళ్ళలో నేను సరే అన్న ఇళ్ళన్నీ కళ్ళ ముందు వరస కట్టాయి. ప్రతి ఇంట్లో టేపు పెట్టి కొలిచాను. ఒక్క ఇంట్లోనూ గోడ అవతలికి తొంగిచూడలేదు. మా ఆయన కాఫీ అడిగితే క్యాను నీళ్ళు తెప్పించి పెట్టాను గానీ, నోరు తెరిచి సంగతి చెప్పలేకపోయాను. సీసాని సంచీలో అడుక్కి తోసేశాను.

తొమ్మిదిన్నరకి రత్తమ్మ వచ్చింది. బొడ్లోంచి మూట తీసి విప్పింది. ఆ సీసా కూడా నల్లబడింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పదండి, ఆయనకి చూపించి వచ్చేద్దాం, మాకు ఏటిగట్టే రాసిపెట్టి ఉంది అంది. నా దగ్గరా ఒకటుందని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

లేఅవుట్‌లో గంగరాజు పళ్ళెంలో పళ్ళూ తమలపాకులూ సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. రత్తమ్మ సీసా చూపించింది. నేను దాని అర్థం వివరించాను. ఆయన కాసేపు తేరిపార చూసి, ఇందులో ఏ మందు కలిపారో ఎవరికి తెలుసు, పరీక్షలు చేసి బేరాలు చెడగొట్టేవాళ్ళని చాలామందిని చూశానని గొంతు పెంచాడు. ఆ గొంతుకి పక్కిళ్ళ ఆడవాళ్ళు గేట్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. చివరికి నా వైపు తిరిగి అన్నాడు:

"మా ఇళ్ళ మీద పడి చెబుతున్నారు గానీ, మీ ఇంట్లో నీళ్ళెప్పుడైనా చూసుకున్నారా మేడంగారు?"

చూసుకున్నానండి అన్నాను. సంచీ అడుగునుంచి నా సీసా తీసి, గోడ మీద రత్తమ్మ సీసా పక్కన పెట్టాను. రెండూ ఒకటే నలుపు. అందరూ చూశారు, చూడనిచ్చాను.

"ఇది మా ఇంటిదండి. పద్దెనిమిదేళ్ళుగా ఇవే తాగుతున్నాం. ఇళ్ళు చూడ్డమే ఉద్యోగంగా బతికినదాన్ని, నా గోడ నేను చూసుకోలేదు. మీ తప్పు ఎంతో నా తప్పూ అంతే. కానీ నిన్నటిదాకా నాకు తెలియదు, ఇప్పుడు మనిద్దరికీ తెలుసు."

గంగరాజు పళ్ళెం కింద పెట్టేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఒప్పుకోవడానికి చోటు లేక అరిచాడంతే. నా మాటతో ఆ చోటు దొరికింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకావిడ, మా పిల్లాడికి నెలలో రెండుసార్లు విరేచనాలు అవుతున్నాయండి అంది. రెండో ఇంటావిడ మేమూ మందులు వాడుతున్నాం అంది. అప్పటిదాకా ఎవరి ఇంటి జబ్బు వాళ్ళదే అనుకున్నారు.

రత్తమ్మ ఇదంతా వింటూ నిలబడింది. అప్పుడు తన యాపారం గొంతు బయటికి తీసింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు, దాని ముందు పాతికేళ్ళుగా ఓడిపోతున్నాను.

"చేప మంచిదేనండి. ఐసే కుళ్ళు నీళ్ళతో చేసింది. ఐసు మార్చండి, చేప నేనే కొంటాను. రోడ్డు మీదున్న పంచాయతీ కుళాయి లైను ఈ ఆరిళ్ళకీ వేయించండి. ఆ నీళ్ళు ఇలాంటి కొత్త సీసాలో పోసి రెండ్రోజులు నా దగ్గరుంచుకుంటాను. నల్లబడకపోతే అప్పుడు బయానా."

భీమవరం వాళ్ళు సాయంత్రం వస్తున్నారని గంగరాజు గొణిగాడు. రానివ్వండి, ఈ సీసా వాళ్ళకీ చూపించే పంపుతాను అంది రత్తమ్మ. గేట్ల దగ్గర ఆడవాళ్ళు మేమూ చూపిస్తాం అన్నారు. మూడిళ్ళు అమ్ముడుపోవాలంటే ఇంక కుళాయి తప్పదని ఆయనకి అర్థమైంది. పది దాటి ముహూర్తం వెళ్ళిపోయింది, ఎవరూ గడియారం చూడలేదు.

లైను జూలై మూడో వారానికి పడింది. రత్తమ్మ సీసా రెండు రోజులు కాదు, నాలుగు రోజులు బొడ్లో దోపుకు తిరిగింది. అది తేటగానే ఉంది. శ్రావణంలో ఏటిగట్టు లోపల నీళ్ళొచ్చిన వారం, బేబీ కూతురు ద్రాక్షగుత్తుల వంటగది పక్క గదిలో ఉయ్యాల్లో పడుకుని ఉంది. మెట్ల రెయిలింగుకి మధ్య కమ్మీ పడిందో లేదో నేను వెళ్ళి లాగి చూసి వచ్చాను. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు మధ్యాహ్నం ఉదయ్ నన్ను మా వీధి మొదట్లో దింపాడు. మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. అయితే బజ్జీలు తినొచ్చన్నమాట అన్నారాయన. నవ్వలేక నవ్వాను. తర్వాత తూర్పింటివాళ్ళతో ట్యాంకు గురించి మాట్లాడాలని, సీసా పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. అక్కడ నిలబడగానే ఇంకోటి తట్టింది. తూర్పింటి వాయవ్యం మా ఈశాన్యానికి తగిలితే, మా వాయవ్యం ఎవరికి తగులుతోంది? వెనక్కి తిరిగి పడమటి గోడ వైపు చూశాను. మా ట్యాంకు గొట్టం, నేనే కట్టిన దోమతెర గుడ్డ, గోడ అవతల సత్తియ్యగారి బోరు మోటారు.

సత్తియ్యగారి కోడలు వీరవేణి. దాని కూతురికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల కడుపునొప్పని స్కూలు మానేసిన ప్రతిసారీ, చిప్సు ప్యాకెట్లు కొనిస్తే ఇంతే, పిల్లల్ని పెంచడం తెలియదు మీకు అని గోడ మీద నుంచి వీరవేణికి క్లాసు పీకింది నేనే. ఆ పిల్ల నా మాట విని ఏడాదిగా చిప్సు ముట్టలేదు. నొప్పి తగ్గలేదు.

తూర్పింటి సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. సంచీ భుజానికేసుకుని ముందు పడమటింటికి వెళ్ళాను. వీరవేణి రండి పిన్నిగారు అంటూ కుర్చీ వేసింది. ఇంటికొచ్చినవాళ్ళకి ఇచ్చినట్టే, బిందెలోంచి ఓ గ్లాసు నీళ్ళు ముంచి తెచ్చి నా చేతికిచ్చింది. చల్లగా, తేటగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. పిల్ల తలుపు పక్కన నిలబడి, మళ్ళీ ఏం తిడతానోనని నన్నే చూస్తోంది.

నేను గ్లాసు తాగలేదు, కింద పెట్టలేదు.

"ఇవి మా ఇంటి నీళ్ళు వీరవేణీ" అన్నాను. "కూర్చో, చెబుతాను. ముందు ఆ బిందె పారబొయ్యి."